ఉన్న పుస్తకం లేదన్నారు

ఎమ్మే చదివే రోజుల్లో, అంటే 2002 ప్రాంతంలో, ఒకనాటి మధ్యాహ్నం మా యూనివర్సిటీ లైబ్రరీలో గంటన్నరసేపు వెతికి వెతికి ఒక పుస్తకం పట్టుకున్నాను. పాత పుస్తకం. అట్ట ఊడి కుట్టుదారాలు బయటపడ్డాయి. పేరెందుకు లెండి, ఇప్పుడు అచ్చులో లేదు. పేరులో 'కథ' అన్న మాట ఒకటుందని మాత్రం గుర్తుంచుకోండి, దాంతో మళ్ళీ పనుంది.

చేతులకంటిన దుమ్ము దులుపుకుని, ఏదో ఘనకార్యం సాధించినదానిలా కౌంటరు దగ్గరికి వెళ్ళాను. అక్కడ కొత్తగా కంప్యూటరు పెట్టారు. దాని ముందు కూర్చున్న గుమాస్తాగారు రెండు వేళ్ళతో టకటకా ఏదో కొట్టి, తెరవంక చూసి, "ఈ పుస్తకం మన లైబ్రరీలో లేదమ్మా" అన్నారు.

"అదేమిటండీ, ఇదిగో, నా చేతిలోనే ఉందిగా!"

"చేతిలో ఉంటే ఉండొచ్చు. కంప్యూటర్లో లేదు. లేని పుస్తకాన్ని ఎలా ఇచ్చేది?"

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. అంతకుముందు ఆ హాల్లో గోడ పొడుగునా కార్డుల బీరువాలుండేవి. చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగుకీ ఇత్తడి పిడి, కార్డులు చెదిరిపోకుండా అడుగున ఒక కడ్డీ. వాటినిప్పుడు వరండాలోకి నెట్టి, గోడవైపు ముఖం తిప్పి పెట్టారు. అలిగి కూర్చున్న అత్తగార్లలా ఉన్నాయి. పోనీ, కార్డు తీసి చూపిద్దామంటే సొరుగు తెరవడానికే లేదు.

ఆ పుస్తకం చివరికి నాకు దక్కిందా లేదా అన్నది తరవాత చెబుతాను. ఆనాటినుంచీ నాకొక కుతూహలం పట్టుకుంది. ఒక పుస్తకం ఉన్నదీ లేనిదీ పుస్తకాన్ని చూసి కాక, దాని చీటీని చూసి చెప్పే పద్ధతి ఎవరు పెట్టారు? ఆ చీటీ మిషన్లోకి ఎలా ఎక్కింది? తవ్వుకుంటూ పోతే అందులోంచి ఒక పేకదస్తా, ఒక రాత్రి భోజనం, బోలెడంతమంది ఆడవాళ్ళు బయటపడ్డారు.

పేకదస్తాతోనే మొదలుపెడతాను. ఫ్రెంచి విప్లవం వచ్చినప్పుడు చర్చీల ఆస్తులూ, దేశం విడిచి పారిపోయిన ప్రభువుల ఆస్తులూ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. వాటితోపాటు కుప్పలుతెప్పలుగా పుస్తకాలొచ్చి పడ్డాయి. ఏ ఊళ్ళో ఏ పుస్తకాలున్నాయో తెలియాలి కదా! 1791లో ఊరూరా ఉత్తర్వులు వెళ్ళాయి. ఒక్కో పుస్తకం వివరాలు ఒక్కో పేకముక్క వెనకాల రాయండి, అక్షరక్రమంలో పేర్చండి, మూలన సూదితో దారం గుచ్చండి అని. ఆ రోజుల్లో పేకముక్కల వెనకవైపు ఇప్పటిలా పూలూ లతలూ ఉండేవి కావు, ఖాళీగా ఉండేది. మామూలు కాగితం కన్నా దళసరి, ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. పేకాట కొంపలు ముంచుతుందని మా నాయనమ్మ అంటూ ఉండేది. లైబ్రరీలకు పనికొచ్చిందని ఆవిడకు తెలియదు పాపం.

ఇందులో కిటుకల్లా ముక్కలు విడివిడిగా ఉండటమే. పెళ్ళిపిలుపుల జాబితా నోటుపుస్తకంలో రాసినవాళ్ళకు ఇది నేను చెప్పనక్కర్లేదు. మరిచిపోయిన మేనత్తగారిని రెండు పేర్ల మధ్య ఇరికించాలంటే మార్జిన్లోకి బాణాలు లాగాలి. విడి చీటీలైతే మధ్యలో దూర్చేస్తే సరి.

అమెరికాలో ఈ చీటీలకు ఒక కొలతా, ఒక క్రమం అలవాటు చేసినవాళ్ళలో ముఖ్యుడు మెల్విల్ డ్యూయీ. పుస్తకం వీపు మీద మనం చూసే అంకెలు, 800 అంటే సాహిత్యం, 900 అంటే చరిత్ర, ఇవి ఆయన 1876లో అచ్చువేసినవే. 1887లో ఆయన న్యూయార్కులోని కొలంబియా కాలేజీలో లైబ్రరీ పని నేర్పే బడి పెట్టాడు. మొదటి జట్టులో 20 మంది చేరితే అందులో 17 మంది ఆడవాళ్ళు. కాలేజీ పెద్దలకిది నచ్చలేదు. ఆడపిల్లలకు మా గదులివ్వమన్నారు. ఆయన ఒక సామాన్ల గది ఖాళీ చేయించి అందులో పాఠాలు మొదలెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి బడి ఆల్బనీకి తరలిపోయింది.

ఇంత చేశాడు కదా అని మనం ఆయనకు హారతులివ్వనక్కర్లేదు. ఆడవాళ్ళతో ఆయన ప్రవర్తన బాగుండేది కాదు. వర్ణవివక్ష సంగతి సరేసరి. అమెరికా లైబ్రరీల సంఘం తానిచ్చే పతకం మీంచి ఆయన పేరు 2019లో తీసేసింది.

ఆ బడిలో పిల్లలకు నేర్పిన వాటిలో చేతిరాత ఒకటి. దానికి 'లైబ్రరీ రాత' అనే పేరే ఉంది. అక్షరాలు గుండ్రంగా, నిలువుగా, ఎవరు రాసినా ఒక్కలాగే ఉండాలి. చదివేవాడికి ఇది ఫలానా అమ్మాయి రాసిందని తెలియకూడదు. మిషన్ రాకముందే మనిషి చేతిని మిషన్ చేశారన్నమాట. లైబ్రరీల్లో మిషన్ల చరిత్ర కంప్యూటరుతో మొదలైందని పుస్తకాల్లో రాస్తారు గాని, నా మట్టుకు నాకది ఆ అమ్మాయిల మణికట్ల దగ్గరే మొదలైందనిపిస్తుంది.

ఇక రాత్రి భోజనం సంగతి. వాషింగ్టన్లో జాన్ షా బిల్లింగ్స్ అని ఒక సైనిక వైద్యుడుండేవాడు. వైద్యం కన్నా పుస్తకాల మీద మక్కువ ఎక్కువ. సైన్యపు వైద్య గ్రంథాలయాన్ని పెంచి పెద్దచేసినవాడు ఆయనే. తరవాతి కాలంలో న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీకి మొట్టమొదటి అధిపతి కూడా అయ్యాడు. జనాభా లెక్కల పనీ ఆయన చూసేవాడు. ఆ ఆఫీసులో హెర్మన్ హోలరిత్ అనే కుర్ర ఇంజనీరు చేరాడు. బిల్లింగ్స్ గారమ్మాయి ఆ కుర్రవాణ్ణి ఒక ఆదివారం సాయంత్రం ఇంటికి భోజనానికి పిలిచింది. మాటల మధ్య బిల్లింగ్స్, ఈ లెక్కలన్నీ చేత్తో కూడుతున్నారే, దీనికో మిషన్ ఉండాలయ్యా అన్నాడట. కుర్రవాడి బుర్రలో అది నాటుకుపోయింది. కార్డుకు చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్నిబట్టి లెక్కవేసే మిషన్ తయారుచేశాడు. 1890 జనాభా లెక్కలు దానితోనే వేశారు. అతను పెట్టిన కంపెనీయే కొన్ని చేతులు మారి, మరికొన్నిటితో కలిసి, చివరికి ఐ.బి.ఎం. అయింది.

ఆ అమ్మాయికీ అతనికీ పెళ్ళయిందా అని మీరడుగుతారని తెలుసు. అవలేదు. అతను ఇంకొకావిణ్ణి చేసుకున్నాడు.

లైబ్రేరియన్ నోటివెంట వచ్చిన ఆ మాట మళ్ళీ లైబ్రరీకి చేరడానికి 1936 దాకా పట్టింది. టెక్సాస్ యూనివర్సిటీలో రాల్ఫ్ పార్కర్ అనే ఆయన ఈ చిల్లుల కార్డుల్ని పుస్తకాలు ఎరువిచ్చే పనికి వాడాడు. ఏ పుస్తకం, ఎవరికిచ్చాం, ఎప్పటికి తెచ్చివ్వాలి, ఇవన్నీ చిల్లులుగా కార్డులో ఉంటాయి. గడువు దాటినవి ఏవో ఏరిపెట్టడం మిషన్ పని. యూనివర్సిటీ లైబ్రరీలో యంత్రం అడుగుపెట్టిన తొలి సందర్భాల్లో అదొకటి. మొట్టమొదట అప్పజెప్పింది బాకీల వసూలే చూడండి!

ఇంతకీ, పుస్తకం బాకీ లెక్క మిషన్‌కి ఇవ్వడం తేలిక. పుస్తకం ఏమిటో మిషన్‌కి చెప్పడం కష్టం. అది చేసింది హెన్రియెట్ ఆవ్రమ్.

1919లో న్యూయార్కులో పుట్టిందావిడ. డాక్టరు కావాలనుకుని ఆ చదువు మొదలుపెట్టింది. పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు. 1952లో ప్రభుత్వ రహస్య సంస్థలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరింది. కంప్యూటరంటే గది నిండా ఉండే రోజులవి. 1965లో వాషింగ్టన్లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వచ్చింది. ఆ లైబ్రరీ 1901 నుంచీ తన కార్డుల్ని అచ్చువేసి దేశమంతా అమ్ముతోంది. ఒకచోట ఒకసారి రాస్తే తక్కినవాళ్ళు మళ్ళీ రాసుకోనక్కర్లేదని. ఇక ఆ కార్డును మిషన్ చదివేలా చెయ్యాలి. ఆవ్రమ్‌కు కంప్యూటరు తెలుసు గాని కేటలాగు తెలియదు. లైబ్రేరియన్లను పక్కన కూర్చోబెట్టుకుని, కార్డు మీద ప్రతి మాటా ప్రతి చుక్కా ఎందుకుందో అడుగుతూ పోయింది.

కార్డు చూడగానే మనకు తెలిసిపోతుంది. ఇది రచయిత పేరు, ఇది పుస్తకం పేరు, ఇది అచ్చయిన ఊరు అని. మిషన్‌కి అవన్నీ వరసగా పడి ఉన్న అక్షరాలు, అంతే. అందుకని ఆవిడా, ఆవిడ బృందమూ ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చారు. 100 అంటే రచయిత. 245 అంటే పుస్తకం పేరు. 300 అంటే ఎన్ని పేజీలు, ఎంత కొలత. 650 అంటే విషయం. చిన్న చిన్న చిక్కుల్ని కూడా వదల్లేదు. ఇంగ్లీషు పుస్తకాల పేర్లు సగం 'ది' అనే మాటతో మొదలవుతాయి. అక్షరక్రమంలో దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మిషన్‌కి ఆ సంగతెలా తెలుస్తుంది? 245 పక్కన 4 అని ఒక అంకె వేస్తారు. మొదటి నాలుగు గళ్ళు, అంటే మూడక్షరాలూ ఒక ఖాళీ, దాటేసి చదవమని. (మన 'శ్రీమదాంధ్ర' లకు ఇలాంటి అంకె ఎవరైనా కనిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! పాత తెలుగు పుస్తకాల జాబితా తీస్తే 'శ' దగ్గర ఊరేగింపు ఆగిపోయినట్టుంటుంది.)

ఈ పద్ధతికి 'మార్క్' అని పేరు. 1966 నవంబరు నుంచి 1968 జూన్ దాకా 16 లైబ్రరీల్లో, అందులో హార్వర్డ్, యేల్, చికాగో లాంటి యూనివర్సిటీలున్నాయి, దీన్ని పరీక్షించి చూశారు. కార్డుల బదులు టేపు చుట్టలు పోస్టులో వెళ్ళేవి. 1971కల్లా అమెరికాకు, 1973కల్లా ప్రపంచానికి అది ప్రమాణమైంది. ఆవ్రమ్ 2006లో పోయింది. ఇవాళ మీరు ఏ యూనివర్సిటీ లైబ్రరీలో ఏ పుస్తకం కోసం కంప్యూటర్లో వెతికినా, తెర వెనకాల చాలాచోట్ల ఆ 245 ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉంది.

ఆవ్రమ్ రాయడం నేర్పితే, పంచుకోవడం నేర్పినవాడు ఫ్రెడరిక్ కిల్గోర్. 1967లో ఒహాయో రాష్ట్రంలో 54 కాలేజీలూ యూనివర్సిటీలూ కలిసి ఒక సంఘం పెట్టుకుని, యేల్ నుంచి ఈయన్ని పిలిపించుకున్నాయి. ఒక కొత్త పుస్తకం వస్తే, వాషింగ్టన్ కార్డు వచ్చేదాకా కూర్చోవడమో, ఎవరి కార్డు వాళ్ళు రాసుకోవడమో తప్పేది కాదు. దానికి బదులు అందరికీ కలిపి ఒకే కంప్యూటరు, టెలిఫోను తీగలమీద దాన్ని అందుకోవడం. ముందు ఎవరు రాస్తే వాళ్ళు రాస్తారు, మిగతావాళ్ళు వాడుకుంటారు. పచ్చళ్ళ సీజన్లో వీధంతటికీ ఒక్క ఇంట్లోనే కారం కొట్టించుకున్నట్టు. వెతకడానికి రచయిత పేరులో మూడక్షరాలు, పుస్తకం పేరులో మూడక్షరాలు కొడితే చాలు. ఆనాటి కంప్యూటరు శక్తికి అదే గొప్ప పొదుపు.

1971 ఆగస్టు 26న ఏథెన్స్ అనే చిన్న ఊళ్ళో ఒహాయో యూనివర్సిటీవాళ్ళ ఆల్డెన్ లైబ్రరీలో మొదటిసారిగా ఇలా తెరముందు కూర్చుని కేటలాగు చేశారు. అంతా అయ్యాక ఆ కంప్యూటరు ఏం చేసేదో తెలుసా? కార్డులు అచ్చువేసేది. అక్షరక్రమంలో పేర్చి మరీ పోస్టులో పంపేది. పెద్ద పెద్ద యూనివర్సిటీలు కూడా సొరుగులు వదులుకోవడానికి చాలాకాలం జంకాయి. ఆ సంస్థ ఆఖరి కార్డు అచ్చువేసింది 2015 అక్టోబరు 1న. అప్పటికి మొత్తం 190 కోట్ల కార్డులట.

ఇక మన దగ్గరికి వస్తే, లెక్కల మాస్టారు ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయి, 1931లో అయిదు సూత్రాలు చెప్పాడు. పాఠకుడి కాలం వృథా చెయ్యకూడదన్నది అందులో నాలుగోది. నా గంటన్నర సంగతి ఆయనకు తెలిస్తే ఏమనేవాడో! కంప్యూటర్ల కాలానికి వస్తే, 1985 తరవాత యునెస్కోవాళ్ళ ప్రోగ్రామొకటి చిన్న కంప్యూటర్లకు వచ్చింది. మనదేశంలో చాలా లైబ్రరీలు దాంతోనే ఓనమాలు దిద్దాయి. 1991లో యూజీసీ అహ్మదాబాదులో ఇన్‌ఫ్లిబ్‌నెట్ మొదలెట్టింది. దాన్నుంచి యూనివర్సిటీలకోసం 'సోల్' అనే ప్రోగ్రాము వచ్చింది. న్యూజిలాండులో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీవాళ్ళు 1999లో, 2000 సంవత్సరం వస్తే తమ పాత మిషన్ తికమకపడుతుందన్న భయంతో, కొత్త ప్రోగ్రాము రాయించుకుని, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చన్నారు. దాని పేరు 'కోహా'. అక్కడి మావోరీ భాషలో కానుక అని అర్థం. మన యూనివర్సిటీల్లో కూడా చాలాచోట్ల ఇవాళ అదే నడుస్తోంది.

ప్రోగ్రాము ఉచితంగా వచ్చినా పని ఉచితంగా కాదు. యూనివర్సిటీలో రెండు లక్షల పుస్తకాలున్నాయనుకోండి. ఒక్కోదాన్ని శెల్ఫులోంచి దింపి, వివరాలు మిషన్లో కొట్టి, నల్లగీతల చీటీ అంటించి, మళ్ళీ పైన పెట్టడానికి అయిదు నిమిషాలు వేసుకుందాం. పది లక్షల నిమిషాలు. రోజుకు ఆరు గంటలు తలెత్తకుండా, ఏడాదికి 250 రోజులు పనిచేస్తే ఒక మనిషికి పదకొండేళ్ళు. నలుగుర్ని పెడితే మూడేళ్ళకు కాస్త తక్కువ. ఆ మూడేళ్ళూ లైబ్రరీ మూసిపెట్టలేరు కదా! అందుకని తెలిసినవాళ్ళు ముందు ఎక్కువగా చదివే పుస్తకాలు, ఆ తరవాత మిగతావి ఎక్కించుకుంటూ, అన్నీ పూర్తయ్యేదాకా పాత కార్డుల్ని కూడా అందుబాటులో ఉంచుతారు. ఎవరూ అడగని పుస్తకాలు ఆఖరున మిగులుతాయి. ఎవరూ అడగని పుస్తకాల్లో మన భాషవి ఎన్నుంటాయో వేరే చెప్పాలా? కంప్యూటరు కొన్న రోజున ఫోటోలు తీసుకుని, సొరుగుల్ని వరండాలోకి నెట్టేస్తే వచ్చే చిక్కు ఇదే. అమెరికాలో నికల్సన్ బేకర్ అనే రచయిత 1994లో న్యూయార్కర్ పత్రికలో దీనిమీద పెద్ద వ్యాసమే రాశాడు. తరతరాల లైబ్రేరియన్లు కార్డుల మీద పెన్నుతో చేర్చిన చిన్న చిన్న విశేషాలు మిషన్లోకి ఎక్కకుండానే చెత్తలోకి పోతున్నాయని ఆయన గోడు. కొందరాయన్ని ఛాందసుడన్నారు. నేననలేను.

మన పుస్తకాలకు మరో గండం కూడా ఉంది, లిపి. 1962 నుంచి అమెరికావాళ్ళు పీఎల్ 480 కింద మన పుస్తకాలు కొని తమ యూనివర్సిటీలకు పంపించుకున్నారు. గోధుమలు మనం తిన్నాం, వాటికి మనం రూపాయల్లో కట్టిన డబ్బుతో వాళ్ళు మన పుస్తకాలు తీసుకెళ్ళారు. అందులో తెలుగువీ ఉన్నాయి. ఆనాటి మిషన్‌కి తెలుగు అక్షరం రాదు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. అయినా వాళ్ళొక కట్టుబాటు పెట్టుకున్నారు. 'ణ' అయితే కింద చుక్క, 'శ' అయితే పైన గీత. ఒక్క అక్షరం తేడా పోదు. మన లైబ్రరీల్లోనో? చుక్కల్లేవు, గీతల్లేవు, కొట్టేవాడి ఇష్టం. ఇంటిపేరు ముందు పెట్టాలో వెనక పెట్టాలో అదీ కొట్టేవాడి ఇష్టమే. పెళ్ళికి ముందొక ఇంటిపేరుతో, తరవాత ఇంకో ఇంటిపేరుతో రాసిన రచయిత్రులు మిషన్ దృష్టిలో ఇద్దరు మనుషులు. 1991లో యూనికోడ్ వచ్చినప్పుడు అందులో తెలుగు ఉంది. కానీ ఉన్నదంతా తిరిగి తెలుగులో కొట్టడానికి మళ్ళీ పదకొండేళ్ళ మనిషిని ఎవరిస్తారు?

ఆనాటి నా పుస్తకం సంగతి చెబుతానన్నాను కదూ. నేను కదలకుండా నిలబడేసరికి లోపల గదిలోంచి పెద్ద లైబ్రేరియన్‌గారు వచ్చారు. రిటైరు కావడానికి దగ్గరలో ఉన్న మనిషి. పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక అట్టమీద పాత తారీకుల చీటీలో ఆఖరి ముద్ర ఏ సంవత్సరందో నాకు చూపించారు. నేను పుట్టకముందుది. "నిన్ను ఇన్నాళ్ళు వెయిట్ చేయించింది చూడమ్మా" అన్నారు. గుమాస్తాగారిని పక్కకు జరగమని తానే కూర్చుని, వివరాలన్నీ కొట్టారు. నల్లగీతల చీటీల చుట్టలోంచి ఒకటి తీసి, "నువ్వే అంటించు" అని నా చేతికిచ్చారు. కాస్త వంకరగా అంటించాను.

మొన్న మార్చిలో ఆ ఊరు వెళ్ళినప్పుడు లైబ్రరీకి వెళ్ళాను. బీరువాలు వరండాలో కూడా లేవు. కంప్యూటరు ముందు కూర్చుని ఆ పుస్తకం పేరు కొట్టాను. 'కథ'కి అందరూ రాసేట్టే టి, హెచ్ కొట్టాను. లేదంది. రచయిత ఇంటిపేరు ముందు పెట్టి చూశాను. లేదు. వెనక పెట్టి చూశాను. లేదు. పక్కన కూర్చున్న అమ్మాయి, ఫస్టియర్ అనుకుంటాను, ఓరగా చూసి, "డి కొట్టి చూడండాంటీ, కొంతమంది కథని డి, హెచ్‌తో రాస్తారు" అంది.

డి కొట్టాను. వచ్చింది. మూడో అంతస్తు, తెలుగు విభాగం, శెల్ఫులో ఉంది అని చూపించింది. వెళ్ళి చూస్తే చీటీ ఇంకా వంకరగానే ఉంది.